ఒంటిగదిలో ఐదుపాయల జడ

మా నాన్న రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులు. లూథరన్ సంఘంలో పెద్దమనిషి. మా ఇంట్లో ఎవరి నోటనైనా దయ్యం అన్న మాట వస్తే ఆ పూట వాళ్ళకి కంచం పెట్టనిచ్చేవాడు కాదు. నేను ఆ తండ్రి కూతుర్ని. ముప్పై ఏళ్ళకి పైగా నర్సు ఉద్యోగం చేశాను. పోయినవాళ్ళకి ఈ చేతులతోనే స్నానం చేయించాను. ఒక్కరంటే ఒక్కరు లేచి నన్ను పలకరించలేదు. ఇప్పటికీ ఎవరైనా అలాంటి కబుర్లు మొదలెడితే నేను లేచి వంటింట్లోకి పోతాను.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే మా అమ్మాయి పోరు పడలేకే. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎందుకు జరిగిందని మాత్రం నన్నడగకండి.

అరవైల చివర సంగతి. తెనాలిలో మతి చెదిరినవాళ్ళకి వైద్యం చేసే చిన్న ఆసుపత్రి ఒకటుండేది. ఇప్పుడు లేదు. పేరెందుకు లెండి. ఆడవాళ్ళ వార్డుకి పగటిపూట నేను నర్సుని. నాకప్పుడు పాతికేళ్ళు. పద్నాలుగు మంది రోగులకి నేనూ, ఆయా నాగరత్నమూ, అంతే.

వార్డు చివర ఒక ఒంటిగది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. కింద నాపరాళ్ళు, ఒక చాప. పైకప్పుకి జానెడు కింద ఇనప వల కొట్టిన చిన్న కిటికీ. తలుపుకి కంటి ఎత్తున లోపలికి చూసే చిన్న కన్నం, బయట గడియ, దానికి తాళం. ఎవరైనా మీద పడి కొడుతుంటే, తమని తాము గాయపరచుకుంటుంటే, శాంతించేదాకా అందులో ఉంచాలని నియమం. కాగితం మీద నియమం అదే.

మేం చేసింది వేరు. మధ్యాహ్నం మా భోజనాలప్పుడు వార్డు చూసుకోవడానికి మనిషి చాలదు. అందుకని ఎవరు గోల చేస్తారనిపిస్తే వాళ్ళని ఒంటిగదిలో పెట్టి తాళం వేసేసి, నేను వెనక రేకుల షెడ్డులో క్యారేజీ విప్పుకునేదాన్ని. నాగరత్నం ఒంటిగది తలుపుకి ఎదురుగా వరండాలో కూర్చుని తినేది. దాన్ని మేం ‘భోజనాల తాళం’ అనేవాళ్ళం, అదేదో మంచి ఏర్పాటైనట్టు. రిజిస్టరులో మాత్రం ‘రోగి దుడుకుగా ఉంది’ అని రాసేదాన్ని. దుడుకుగా లేని రోజు కూడా అదే మాట. మేం నాలుగు ముద్దలు తినడానికి ఇంకొకరిని బంధించామని రాసుకుంటే బాగుండదు కదా.

రాజ్యలక్ష్మిని తీసుకొచ్చింది ఆ రోజుల్లోనే. భట్టిప్రోలు వైపు రైతుల ఇల్లు. ఇరవై ఏళ్ళుంటాయేమో. తొలికాన్పు, ఆడపిల్ల. పురుడు పోసుకున్న మూడోవారంలో నిద్ర పట్టడం మానేసింది. తర్వాత బిడ్డని చూసి ఈ పిల్ల నాది కాదంది. ఒకరోజు కాలవ గట్టున దొరికిందట. మొగుడు సుబ్బారావు నెమ్మదస్తుడు. వాళ్ళమ్మ, అదే అత్తగారు, చంకలో పసిదాన్ని పెట్టుకుని నా చెవిలో చెప్పింది.

“దాని జుట్టులో కూచుందమ్మా అది. ముందు గుండు కొట్టించండి. అదే వదిలిపోద్ది.”

“జుట్టులో పేలుంటాయండి, ఇంకేమీ ఉండవు” అన్నాను. ఆవిడకి నా మీద కోపం వచ్చింది.

మూడు వారాలైనా రాజ్యానికి నయం కాలేదు. ముఖం గీరుకునేది, జుట్టు పీక్కునేది. అందుకని రెండు చేతులకీ దళసరి గుడ్డసంచులు తొడిగి మణికట్టు దగ్గర నూలు టేపుతో ముడి వేసేవాళ్ళం. దగ్గరికి వెళితే కరిచేది. దువ్వెన పెట్టే ధైర్యం ఎవరికీ లేక జుట్టు అట్టలు కట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి కేకలు. రోజూ భోజనాల తాళం ఆమెకే.

డాక్టరుగారు చివరికి దూరాన ఉన్న పెద్దాసుపత్రికి ఉత్తరం రాశారు. మంచం ఖాళీ అయితే కబురు చేస్తామని జవాబు వచ్చింది. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూసింది తక్కువ. పంపితే ఆ పసిదానికి తల్లి లేనట్టే. ఆ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసి ఎవరి పని వాళ్ళం చేసుకుంటున్నాం.

ఒక మంగళవారం నేను భోజనం చేసి వచ్చి తాళం తీశాను. రాజ్యం గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కేకల్లేవు. తల పక్కకి తిప్పింది. చూద్దును కదా, జడ! నున్నగా, చిక్కు అన్నది లేకుండా, ఐదుపాయల జడ. కొసకి చీర అంచు పేలిక కట్టి ఉంది.

చేతులకి సంచులు అలాగే ఉన్నాయి. టేపుకి నేను వేసిన ముడి నేను వేసినట్టే ఉంది.

నాగరత్నం మీద ఇంతెత్తున లేచాను. “లోపలికి ఎందుకెళ్ళావ్? కరిస్తే ఎవరు చెప్పుకుంటారు జవాబు?”

“నేనెళ్ళలేదండి సిస్టరమ్మా! తాళంచెవి మీ బొడ్డున ఉంటే నేనెట్టా ఎళ్తానండి? నా బిడ్డల మీదొట్టు. అయినా నాకు మూడుపాయలే సరిగ్గా రాదు, ఐదంట ఐదు” అంది.

అదీ నిజమే. నాకూ రాదు. మా ఇంట్లో ఆడపిల్లలకి నూనె రాసి మూడుపాయలు అల్లేసి బడికి తోలడమే. వార్డులో మిగతావాళ్ళని ఒక్కొక్కరినే అడిగాను. ఆ అల్లిక వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. పైగా వార్డులో దువ్వెన మా బల్ల సొరుగులో ఉంటుంది, దానికీ తాళమే.

మర్నాటి ఉదయానికి రాజ్యం నేలకేసి తల రుద్దుకుని జడంతా పీచుపీచు చేసుకుంది. మధ్యాహ్నం తాళం తీసేసరికి మళ్ళీ జడ. మూడో రోజూ అంతే. జడ ఉన్నంతసేపూ కేకల్లేవు. రాత్రి నర్సు కూడా పిల్ల కాస్త నిద్రపోతోందని చెప్పింది.

నాగరత్నం కూడా రాజ్యం అత్తగారి పాటే ఎత్తుకుంది. “జుట్టులో ఉన్నదే అల్లుకుంటంది సిస్టరమ్మా. మంగలిని పిలిపిద్దామండి.”

“నోరు ముయ్యి” అన్నాను. నాకు దయ్యం మీద అనుమానం లేదు, మనుషుల మీద ఉంది. ఎవరి దగ్గరో మారుతాళం చెవి ఉందనుకున్నాను. బజారుకెళ్ళి కొత్త తాళం కొన్నాను. దానికి రెండు చెవులు. రెండూ ఒకే తాడుకి గుచ్చి నా బొడ్డునే దోపుకున్నాను. చూద్దాం ఎవరొస్తారో అని.

కొత్త తాళం వేసిన రోజు కూడా జడ ఉంది. ఆ తర్వాతి రోజుల్లోనూ ఉంది. నాగరత్నం అన్నం ముందు పెట్టుకుని రెప్పవెయ్యకుండా తలుపు చూసేది. ఎవరూ రాలేదండి అనేది. కన్నంలోంచి చూడమంటే మాత్రం, “అమ్మో, నేను చూడనండి, నాకు పిల్లలున్నారు” అనేది.

నేనెందుకు చూడలేదంటారా? అది నా భోజనాల వేళ. అంతకన్నా జవాబు లేదు.

జడ మొదలైన పదకొండో రోజు బాపట్లలో మా పిన్ని కూతురి పెళ్ళి. ఉదయం ఎనిమిదింటికి వార్డులో పని ముగించి వెళ్ళిపోవాలి. నా బదులు మనిషి లేదు. నాగరత్నం ఒక్కతే ఏం చూస్తుందని, మధ్యాహ్నందాకా ఆగడమెందుకులే అని, పొద్దున్నే రాజ్యాన్ని ఒంటిగదిలో పెట్టి తాళం వేశాను. ఆ పిల్ల ఆ పూట నోరెత్తలేదు. రిజిస్టరులో ‘దుడుకుగా ఉంది’ అని రాశాను. నేనుండే గదికి పరుగెత్తి చీర మార్చుకుని రైలెక్కాను.

చర్చిలో పాట పాడుతుంటే నడుం దగ్గర ఏదో గుచ్చుకుంది. చెయ్యి పెట్టి చూసుకుంటే తాళంచెవులు. రెండూ. నాగరత్నానికి ఇచ్చి రావలసినవి, అలవాటు చొప్పున కొత్త చీరలో కూడా బొడ్డున దోపుకున్నాను. ఓరి దేవుడా, ఆ పిల్లకి నీళ్ళిచ్చేదెవరు? తలుపు తీసేదెవరు? తిరుగు బండి నాలుగున్నరకి గాని లేదు. పెళ్ళి భోజనానికి బంతిలో కూర్చున్నానే గాని చూపంతా గడియారం మీదే.

తెనాలిలో దిగి స్టేషను నుంచి పరుగే పరుగు. ఆరుంబావు అయింది. నాగరత్నం ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. డాక్టరుగారు గుంటూరు వెళ్ళారట, అప్పుడే వచ్చారు. వడ్రంగికి కబురు పెట్టారట, అతను ఇంకా రాలేదు.

“పొద్దున్నుంచి ఒక్క కేక వెయ్యలేదండి. చెవి పెట్టి ఇన్నాను. మాట్టాడతంది. ఎవరితోనో నింపాదిగా మాట్టాడతంది” అంది నాగరత్నం.

తలుపు తీశాను. పది గంటలు తిండీ నీళ్ళూ లేకుండా గదిలో ఉన్న మనిషి. చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఐదుపాయల జడ ఎడమభుజం మీదుగా ముందుకి వేసుకుంది. నన్ను చూసి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. డాక్టరుగారి ఎదుటే ఏడ్చాను.

ఆయన నన్ను తన గదిలోకి పిలిచారు. “నిన్ను ఇవాళే ఇంటికి పంపించాలి. తెలుసా?” అన్నారు.

“తెలుసండి.”

“పెద్దాసుపత్రి నుంచి జవాబొచ్చింది. మంచం ఖాళీ అయిందట.”

నాకెక్కడినుంచి వచ్చిందో ఆ తెగువ. “పదిహేను రోజులు ఇవ్వండి సార్. తాళం వెయ్యకుండా చూస్తాను. తర్వాత నన్ను పంపండి, ఆమెని పంపండి, మీ ఇష్టం” అన్నాను. ఆయన ఆ జవాబు ఉత్తరం మడిచి సొరుగులో పెట్టారు. సరే అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నేను క్యారేజీ ముట్టలేదు. రాజ్యంతోపాటు నేనూ ఒంటిగదిలోకి వెళ్ళి, బయట తాళం వెయ్యమని నాగరత్నానికి చెప్పాను. వచ్చేదెవరో కళ్ళారా చూడాలని ఒక పట్టుదల. అరగంట తర్వాత తియ్యమన్నాను. ఆమె లెంపలేసుకుని తాళం వేసింది.

ఆ చప్పుడు బయటినుంచి వెయ్యిసార్లు విన్నాను. లోపలినుంచి వినడం అదే మొదలు. నాగరత్నం నా మనిషి, చెవి ఆమె చేతిలోనే ఉంది, అరగంటలో తీస్తుంది. అన్నీ తెలుసు. అయినా తలుపు బాదాలనిపించింది. ఇందులోనా ఈ పిల్లని రోజూ పడేసి నేను పప్పూ పచ్చడీ కలుపుకు తిన్నది అనిపించింది. ఇంకా ఐదు నిమిషాలు కాలేదు.

ఎవరూ రాలేదు. ఎలా వస్తారు?

కాసేపటికి రాజ్యం జరిగి జరిగి నా ముందుకొచ్చి, నాకు వీపు పెట్టి కూర్చుంది. రోజూ అలవాటైన మనిషిలాగా. తల కొంచెం వెనక్కి వంచి ఊరుకుంది. జడ వెయ్యమని.

ముందు ఆమె చేతుల సంచులు విప్పేశాను. గీరుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. దువ్వెన లేదు, వేళ్ళతోనే చిక్కు తీశాను. చిక్కు తీసి మూడుపాయలు చేశాను. మూడే. ఇది నాకు ఎంత బాగా గుర్తుందంటే, నడిమి పాయ పలచనైందని మళ్ళీ సర్దాను కూడా. తర్వాత ఆ పిల్ల మెడ మీద గోరు గాట్లు చూస్తూ, ఎంత నొప్పి పుట్టిందో అనుకుంటూ అల్లాను. కొసకొచ్చి చూసుకుంటే ఐదుపాయలు.

నాగరత్నం తలుపు తీసి చూసి నడుం మీద చేతులేసుకుంది. “ఇన్నాళ్ళూ మీరేనా సిస్టరమ్మా! నన్ను ఉత్త పున్నానికి బెదరగొట్టి చంపారు గదండీ” అంది. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఆ రోజునుంచి తాళం వెయ్యలేదు. భోజనాలు వంతులు వేసుకున్నాం. ఒకరు తింటుంటే ఒకరు రోగుల దగ్గర కూర్చోవాలి. నాగరత్నం మూడు రోజులు సణిగింది. నాలుగో రోజు తనే రాజ్యం పక్కన కంచం పెట్టుకుని, చింతకాయ పచ్చడి ముద్ద ఆమె చేతిలో పెట్టింది. రాజ్యం ఒకసారి నా ముంజేతి మీద కొరికింది, ఆ మచ్చ ఇంకా ఉంది. ఇంకోసారి కంచం విసిరింది. అప్పుడు కూడా తలుపు వెయ్యలేదు. చెయ్యి పట్టుకుని వరండాలో ఈ చివరనుంచి ఆ చివరికి నడిపించాం. నడిచి నడిచి ఆమె అలిసేది, నేనూ అలిసేదాన్ని. మందులూ పనిచేశాయి, కాదనను. రెండోవారం చివర సుబ్బారావు బిడ్డని తీసుకొచ్చాడు. రాజ్యం దాని పాదం పట్టుకుని చాలాసేపు చూసి, “చిక్కిపోయిందేంటండి” అంది మొగుడితో. డాక్టరుగారు ఉత్తరం చింపేశారు.

ఇంకో నెలకి ఇంటికి పంపాం. రేపల్లె బండి ఎక్కించడానికి స్టేషనుకి నేనూ వెళ్ళాను. సుబ్బారావు టిక్కెట్లకి వెళ్ళాడు. బిడ్డ రాజ్యం ఒళ్ళో నిద్రపోతోంది. అడక్కూడదనుకుంటూనే అడిగాను.

“రాజ్యం, తాళం వేసినప్పుడు నీకు జడ వేసేదెవరమ్మా?”

ఆమె నన్ను వింతగా చూసింది. “అదేంటండి? మీరే గదండీ.”

“నేనా?”

“రోజూ మధ్యాహ్నం వచ్చేవోరు గదండీ. ఏం మాట్టాడేవోరు కాదు, జడేసి కూచునేవోరు. ఒక్కరోజు మాత్రం తెల్లచీర కాకుండా పసుపు చీరలో వచ్చారు. ఒళ్ళో పప్పుచారు మరకండి. అదేంటని అడిగితే నవ్వారు. ఆ రోజు పొద్దుగూకేదాకా ఉన్నారు. మీరు రాకపోతే నేను గోడకి తల కొట్టుకుని చచ్చిపోయేదాన్నండి.”

బాపట్ల పెళ్ళికి నేను కట్టుకున్నది పసుపు చీర. వార్డులో ఎవరూ చూడలేదది. మధ్యాహ్నం బంతిలో వడ్డించే ఆయన పప్పుచారు నా ఒళ్ళో ఒలకబోశాడు. ఆ చీర అక్కడే పిన్ని దగ్గర విడిచి, ఆవిడ నీలం చీర కట్టుకుని తెనాలి వచ్చాను. తలుపు తీసినప్పుడు రాజ్యం నన్ను చూసింది ఆ నీలం చీరలోనే.

బండి వస్తోంది. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. “ఆఁ, నేనే” అన్నాను. అబద్ధమని తెలిసే అన్నాను. ఆ సిగ్గు ఇన్నేళ్ళయినా పోలేదు. చెయ్యని మంచికి నమస్కారం పెట్టించుకున్నాను.

డెబ్బైల్లో రాజ్యం మళ్ళీ వచ్చింది. రెండో కాన్పు అయి పది రోజులు. నిద్ర తప్పుతోందని గుర్తుపట్టి, ఎవరూ తీసుకురాకముందే మొగుణ్ణి వెంటబెట్టుకుని తనే వచ్చింది. అత్తగారు కూడా వచ్చింది. ఈసారి గుండు మాట ఎత్తలేదు. అప్పటికి ఒంటిగది తలుపు ఊడదీయించాం, అందులో చాపలు పెట్టుకునేవాళ్ళం. చంటివాడితో సహా రాజ్యాన్ని వార్డులోనే ఉంచుకున్నాం. మూడు వారాలు మధ్యాహ్నాలు ఆమె మంచం మీదే నా భోజనం. ఈసారి నిజంగానే నేను.

ఒకరోజు జడ వెయ్యమని వీపు తిప్పింది. ఐదుపాయలు వేద్దామని కూర్చున్నాను. ఎంత తిప్పినా కుదరలేదు. నాలుగో పాయ దగ్గరే చిక్కుపడింది. చివరికి మూడుపాయలే అల్లి వదిలేశాను. ఆమె చేత్తో తడుముకుని పకపకా నవ్వింది.

“ఇదేంటండి! చెయ్యి మరిచిపోయారా?”

ఇక దాచలేకపోయాను. “రాజ్యం, అప్పుడు వచ్చింది నేను కాదమ్మా. నేను తాళం వేసి అన్నానికి పోయేదాన్ని. పసుపు చీర రోజు నేను బాపట్లలో ఉన్నాను” అన్నాను. కోప్పడుతుందనుకున్నాను.

ఆమె చంటివాణ్ణి ఈ భుజం మీదనుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. “నేను చూసింది మిమ్మల్నేనండి” అంది. “మీరు కాదంటే కాదేమో. పోన్లెండి, ఇప్పుడున్నారుగా.”

ఇంతే జరిగింది. తాళం కొన్నది నేను, చెవులు నా దగ్గరున్నాయి, మనిషిని నేను బాపట్లలో ఉన్నాను. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఇంతకన్నా నాకేమీ దొరకలేదు. ఆ పదకొండు రోజులూ ఆ గదిలోకి వెళ్ళిందెవరో నాకు తెలియదు. వెళ్ళి కూర్చోవలసినదాన్ని మాత్రం నేనే.